కంపెనీ పోయాక మట్టి ఎవరు బాగుచేయాలి?



మన ఏజెన్సీలో గనో ఫ్యాక్టరీయో వస్తుందంటే మనం అడిగేవి ఎప్పుడూ మూడే. ఎకరానికి ఎంత ఇస్తారు? ఇంటికో ఉద్యోగం ఇస్తారా? ఇల్లు పోతే మళ్లీ ఎక్కడ కట్టిస్తారు? మూడూ న్యాయమైన ప్రశ్నలే. వీటి కోసం కొట్లాడి కేసులు మోసినోళ్లు మన మధ్యనే ఉన్నారు. కానీ నాలుగో ప్రశ్న ఒకటి ఉంది. పని అయిపోయి కంపెనీ బోర్డు పీకేశాక ఆ నేలను, ఆ వాగును ఎవరు బాగుచేస్తారు? ఆ ఖర్చు ఎవరిది? ఆ డబ్బు ఇప్పుడు ఏ ఖాతాలో ఉంది?

ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో ఈ ప్రశ్న రావడం నేను చాలా అరుదుగా చూశాను. వచ్చినా వేదిక మీద ఉన్న సారు "మొక్కలు నాటుతాం" అని ఒక్క మాట చెప్పి మైకు పక్కోడికి ఇచ్చేస్తాడు. అక్కడితో అయిపోతుంది.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఆ నాలుగో ప్రశ్నను మనం మొదటి ప్రశ్నగా మార్చుకోవాలి. జవాబు కాగితం మీద, పైసలతో సహా వచ్చేదాకా మిగతా మాటలు మొదలుపెట్టకూడదు. ఎందుకో చెప్పడానికి ముందు మనలాంటి ఇంకో ఆదివాసీ జాతి కథ చెప్పాలి.

సెటిల్‌మెంట్ అంటే మనకు తెలిసింది వేరు

మన ఊళ్లలో సెటిల్‌మెంట్ అంటే ఏంటో చిన్నపిల్లగాడికి కూడా తెలుసు. స్టేషన్‌లోనో, పెద్దమనిషి ఇంటి అరుగు మీదో కూచోబెడతారు. కొంత డబ్బు చేతిలో పెడతారు. కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. "ఇక ఈ ముచ్చట ఎత్తొద్దు" అంటారు. నష్టపోయినోడు నోరు మూసుకోవడానికి ఇచ్చే ధర అది.

కోర్టులో కుదిరే సెటిల్‌మెంట్ కూడా చాలాసార్లు ఇలాగే ఉంటుంది. కానీ ఇంకో రకం కూడా ఉంది. కంపెనీ పాడుచేసిన స్థలాల పేర్లు ఒక్కొక్కటిగా రాసి, వాటిని శుభ్రం చేయడానికి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి, ఆ డబ్బు మొత్తం కంపెనీ నుంచి రాబట్టి, కోర్టు ఆమోదంతో దానికే కట్టేయడం. అలాంటిదే అమెరికాలో నవాహో ఆదివాసుల నేల విషయంలో జరిగింది.

నవాహో నేల మీద ఏం జరిగింది

అమెరికా నైరుతి మూలన అరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాల్లో నవాహోల ప్రాంతం పరుచుకుని ఉంది. వాళ్లు తమను తాము 'డినే' అని పిలుచుకుంటారు. 1944 నుంచి 1986 దాకా ఆ నేలలోంచి దాదాపు 3 కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వారు. మొదట అణుబాంబుల కోసం, తర్వాత అణు విద్యుత్ కోసం. తవ్వించింది ప్రైవేటు కంపెనీలు. చాలా ఏళ్లు కొన్నది అమెరికా ప్రభుత్వమే. గనుల్లోకి దిగింది మాత్రం నవాహో కూలీలు.

రేడియేషన్ ప్రమాదం గురించి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. గాలి సరిగా ఆడని గనుల్లో పనిచేసి, ఆ దుమ్ము పట్టిన బట్టలతోనే ఇంటికి వచ్చేవాళ్లు. గని పక్కన పారేసిన రాళ్లతో కొందరు ఇళ్లు కట్టుకున్నారు. ఎంతోమంది ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. యురేనియాన్ని వాళ్ల భాషలో 'లీట్సో' అంటారు. అంటే పసుపు మట్టి.

1979 జూలై 16న చర్చ్ రాక్ అనే చోట యురేనియం మిల్లు వ్యర్థాల చెరువు కట్ట తెగింది. 9 కోట్ల గ్యాలన్లకు పైగా విషపు నీళ్లు పుయెర్కో నదిలో కలిశాయి. మన లెక్కలో 35 కోట్ల లీటర్లు. గొర్రెలు తాగే నీళ్లవి, పిల్లలు ఆడుకునే నీళ్లవి.

1986 నాటికి గనులన్నీ మూతపడ్డాయి, కంపెనీలు వెళ్లిపోయాయి. మిగిలింది 500కు పైగా వదిలేసిన గనులు. 1990లో గని కార్మికులకు పరిహారం ఇచ్చే చట్టం ఒకటి వచ్చింది. అది మనుషులకు, అదీ దరఖాస్తు పెట్టుకుని నిరూపించుకోగలిగినోళ్లకు. మరి మట్టికి? ఊటకి? గొర్రెలు మేసే గడ్డికి?

నవాహో ప్రతినిధులు ఆ ప్రశ్నను వదల్లేదు. 2007లో అమెరికా పార్లమెంటు కమిటీ ముందుకు వెళ్లి తమ నేల పరిస్థితి చెప్పారు. ఆ తర్వాతే ప్రభుత్వ సంస్థలన్నీ కలిసి 2008 నుంచి ఐదేళ్ల శుద్ధి ప్రణాళిక మొదలుపెట్టాయి.

ఆస్తి ఒకరి పేరున, అప్పు ఇంకొకరి పేరున

ఇక్కడ కెర్-మెగీ అనే కంపెనీ చేసిన పని మనం జాగ్రత్తగా చూడాలి. నవాహో నేలలో యురేనియం తవ్విన పెద్ద కంపెనీల్లో అదొకటి. అమెరికా అంతటా రెండు వేలకు పైగా స్థలాల్లో దాని పాత కాలుష్యం బాకీ ఉంది. కంపెనీ చేతిలో మాత్రం లాభాలు తెచ్చే చమురు, గ్యాస్ వ్యాపారం ఉంది.

అప్పులోళ్లకు ఎగ్గొట్టడానికి మంచి పొలమంతా బామ్మర్ది పేరు మీద రాసేసి, తర్వాత ఐపీ పెట్టేవాళ్లను మనం చూశాం కదా. సరిగ్గా అదే జరిగింది. 2005-06లో కెర్-మెగీ చమురు, గ్యాస్ ఆస్తులన్నీ తన దగ్గర పెట్టుకుని, రసాయనాల వ్యాపారాన్ని, దాంతోపాటు పాత కాలుష్యం బాకీలన్నీ 'ట్రోనాక్స్' అనే వేరే కంపెనీకి అంటగట్టింది. కొద్ది నెలలకే అనడార్కో అనే చమురు కంపెనీ కెర్-మెగీని 1,600 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొనేసింది. బాకీలు మోస్తున్న ట్రోనాక్స్ 2009 జనవరిలో దివాలా తీసింది.

అక్కడితో ఫైలు మూసేసేవాళ్లే. కానీ అమెరికా ప్రభుత్వం, ట్రోనాక్స్ బాకీదారుల తరఫు ట్రస్టు కలిసి కేసు నడిపాయి. "ఆస్తులు ఎక్కడికి పోయాయో బాకీ కూడా అక్కడికే పోవాలి" అన్నది వాళ్ల వాదన. 2013 డిసెంబర్‌లో దివాలా కోర్టు తీర్పు ఇచ్చింది. బాకీలకు అందకుండా చేయడానికే ఆస్తులు తరలించారని తేల్చింది. నష్టం 515 కోట్ల నుంచి 1,417 కోట్ల డాలర్ల మధ్య ఉంటుందని చెప్పింది. 2014 ఏప్రిల్‌లో కంపెనీ 515 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. తర్వాత కోర్టు దాన్ని ఆమోదించింది.

అందులో సుమారు 440 కోట్ల డాలర్లు పర్యావరణ శుద్ధికి, ఆ కాలుష్యం తాలూకు క్లెయిములకు. నవాహో నేల మీద, దాని చుట్టుపక్కల కెర్-మెగీ వదిలేసిన సుమారు 50 యురేనియం గనులను శుభ్రం చేయడానికి ఒక్కదానికే 98 కోట్ల డాలర్లకు పైగా. షిప్‌రాక్ దగ్గరి పాత మిల్లు స్థలం కోసం నవాహో ప్రభుత్వానికి నేరుగా 4 కోట్ల డాలర్లకు పైగా.

2017లో ఇంకో సెటిల్‌మెంట్ వచ్చింది. ఫ్రీపోర్ట్-మెక్‌మోరన్ అనుబంధ కంపెనీలు 94 గనులను శుభ్రం చేయడానికి ఒప్పుకున్నాయి. దాని విలువ 60 కోట్ల డాలర్ల పైమాటే. అందులో దాదాపు సగం అమెరికా ప్రభుత్వం భరించింది. ఎందుకంటే యురేనియం కొన్నది తానే కాబట్టి దానికీ బాధ్యత ఉంది. ఈ పాయింటు మనం గుర్తుపెట్టుకోవాలి. తవ్వినోడిదే కాదు, తవ్వించినోడిది కూడా తప్పే.

గెలిచాక కూడా మిగిలింది

ఇది చదివి "అబ్బ, అక్కడ న్యాయం జరిగింది" అనుకోవద్దు. సగమే జరిగింది.

లెక్కలోకి వచ్చిన 523 గనుల్లో దాదాపు 230 గనులకే అన్ని సెటిల్‌మెంట్లూ కలిపి డబ్బు దొరికింది. మిగతా వాటిలో చాలావాటికి తవ్విన కంపెనీ ఇప్పుడు లేదు. పట్టుకోవడానికి మనిషి లేడు, ఖాతా లేదు.

డబ్బు వచ్చిన చోట కూడా పని నత్తనడకే. చర్చ్ రాక్ దగ్గరి క్వివిరా గని కెర్-మెగీ తవ్విందే. అక్కడి వ్యర్థాల గుట్టలను నవాహో నేల బయటికి తరలించాలని ఈపీఏ, అంటే అమెరికా పర్యావరణ సంస్థ, నిర్ణయం తీసుకున్నది 2025 జనవరిలో. సెటిల్‌మెంట్ కుదిరి పదేళ్లు దాటాక. అది కూడా అక్కడి జనం "ఇక్కడే మట్టి కప్పి వదిలేస్తామంటే ఒప్పుకోం, మా నేల దాటించండి" అని ఏళ్ల తరబడి పట్టుబడితే.

అంటే సెటిల్‌మెంట్ కాగితం వచ్చాక కూడా జనం కూచోకూడదు. ఏది శుభ్రం అంటారు, ఎంత లోతు తవ్వుతారు, ఆ మట్టి తీసుకెళ్లి ఎక్కడ పోస్తారు, ఎన్నేళ్లు నీళ్లు పరీక్షిస్తారు, ఇవన్నీ మళ్లీ కొట్లాడాల్సినవే.

మన దేశంలో అదే ప్రశ్న

ఇప్పుడు భోపాల్ చూడండి. 1984 డిసెంబర్ 2-3 రాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ గ్యాస్ వేలమందిని చంపింది. 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందు 47 కోట్ల డాలర్లకు సెటిల్‌మెంట్ కుదిరింది. అది గ్యాస్ బాధితుల కోసం. ఒక్కొక్కరికి చేరింది ఎంత తక్కువో అందరికీ తెలుసు. ఫ్యాక్టరీ లోపల పాతిపెట్టిన, పారబోసిన విషాన్ని తీయాలన్న షరతు మాత్రం ఆ సెటిల్‌మెంట్‌లో లేదు. 1998లో ఆ భూమి రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 2001లో యూనియన్ కార్బైడ్‌ను డౌ కెమికల్ కొనుక్కుంది. ఆ విషంతో తనకు సంబంధం లేదని డౌ ఇప్పటికీ అంటోంది. 2023 మార్చిలో పరిహారం పెంచాలన్న కేంద్రం పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. కారణాల్లో ఒకటి ఏంటంటే, ఒకసారి కుదిరిన సెటిల్‌మెంట్‌ను ఇన్నేళ్ల తర్వాత తిరగదోడలేం అని.

2025 జనవరిలో ఆ ఫ్యాక్టరీలోంచి 337 టన్నుల వ్యర్థాలు కంటెయినర్లలో ఎక్కించి, ధార్ జిల్లా పీథంపూర్‌కు తరలించారు. అక్కడి జనం రోడ్డెక్కారు. అయినా జూన్ ఆఖరుకల్లా కాల్చేశారు. ఖర్చు కంపెనీది కాదు, ప్రజలది. ధార్ ఎవరి జిల్లానో తెలుసా? భిల్లు ఆదివాసులు ఎక్కువగా ఉండే జిల్లా. విషం ఒక పేదోడి ఇంటి ముందునుంచి తీస్తే ఇంకో పేదోడి ఇంటి ముందుకే వెళ్తుంది. ఇక ఫ్యాక్టరీ కింద ఉన్న మట్టి, భూగర్భ జలం సంగతి అలాగే ఉంది.

రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిఛ్‌డీ అని ఒక ఊరు. 1980ల చివర్లో అక్కడి రసాయన ఫ్యాక్టరీలు వదిలిన వ్యర్థాలతో బావుల్లో నీళ్లు రంగు మారి తాగడానికి, సాగుకు పనికిరాకుండా పోయాయి. 1996లో సుప్రీంకోర్టు పెద్ద తీర్పు ఇచ్చింది. పాడుచేసినోడే బాగుచేసే ఖర్చు భరించాలన్న సూత్రం మన చట్టంలో భాగమని గట్టిగా చెప్పింది. తర్వాత ఆ ఖర్చును 37.385 కోట్ల రూపాయలుగా లెక్కగట్టారు. కంపెనీ ఒకదాని తర్వాత ఒకటి పిటిషన్లు వేసుకుంటూ 2011 దాకా ఈడ్చింది. అప్పుడు కోర్టుకు కోపం వచ్చి చక్రవడ్డీతో కట్టమంది. తీర్పు గొప్పదే. కానీ ఆ పదిహేనేళ్లు ఆ ఊళ్లోళ్లు ఏ నీళ్లు తాగారు?

రెండిటికీ కారణం ఒకటే. విషం పోసిన తర్వాత డబ్బు అడిగారు. అప్పటికి కంపెనీ చేతులు మారిపోతుంది, లేదా వకీళ్ల వెనక దాక్కుంటుంది.

మన దగ్గర ఏముంది, ఏం లేదు

మన చేతిలో ఆయుధాలు అసలు లేవని కాదు. ఉన్నాయి, మనం వాడట్లేదు.

ఒకటి, సమత తీర్పు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలోని గనుల మీద మొదలైన పోరాటం అది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని చెప్పింది. ఇంతవరకు అందరికీ తెలుసు. తక్కువ మంది గమనించింది ఇంకోటి ఉంది. అక్కడ తవ్వకం జరిగే చోట నికర లాభంలో కనీసం 20 శాతం నీళ్లు, బడి, ఆసుపత్రి, రోడ్ల కోసం శాశ్వత నిధిగా పెట్టాలంది. అడవి తిరిగి పెంచడం, పర్యావరణం కాపాడటం ఖర్చు ఆ 20 శాతంలో కలపకూడదని కూడా చెప్పింది. అంటే నేల బాగుచేయడం వేరే బాకీ. అభివృద్ధి పేరు చెప్పి దాన్ని ఎగ్గొట్టలేరు.

రెండు, బొగ్గు గనుల మూసివేత ప్రణాళిక. ప్రతి గనికీ ఇది ఉండాల్సిందే. 2013 కేంద్ర మార్గదర్శకాల్లో ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గనికి హెక్టారుకు లక్ష చొప్పున లెక్కగట్టారు. తర్వాత రేట్లు పెంచారు. ఆ డబ్బును ఏటా ఎస్క్రో ఖాతాలో వేయాలి. కోల్ కంట్రోలర్ అనుమతి లేకుండా కంపెనీ దాన్ని ముట్టుకోలేదు. కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు వైపు ఓబీ గుట్టల పక్కన బతికే మన పిల్లల్లో ఈ ఖాతా సంగతి తెలిసినోళ్లు ఎంతమంది? ఏ గ్రామసభలో ఆ ప్రణాళిక తెలుగులో చదివి వినిపించారు?

మూడు, 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం. తవ్వి వదిలేసిన చోట మళ్లీ గడ్డి మొలిచేలా, పశువులు మేసేలా చేయాలన్న షరతు గనుల లీజుల్లో పెట్టాలని కేంద్రానికి చెప్పింది.

ఇక లేనిది. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు కొత్త నియమాలు తెచ్చింది. విషం ఉన్న స్థలాన్ని గుర్తించాలి, బాధ్యుడెవరో తేల్చాలి, ఖర్చు అతని నుంచే వసూలు చేయాలి. వినడానికి బాగుంది. కానీ గనుల తవ్వకం వల్ల వచ్చిన కాలుష్యం, రేడియోధార్మిక వ్యర్థాలు వీటి కిందకి రావట. వాటికి వేరే చట్టాలు ఉన్నాయి అన్నది కారణం. ఆలోచించండి. ఆదివాసుల నేల ఎక్కువగా పాడయ్యేది దేనివల్ల? గనుల వల్ల. అంటే దేశంలో మొదటిసారి వచ్చిన శుద్ధి నియమాల్లో మన మట్టికే చోటు లేదు. దీని మీద మనం గట్టిగా మాట్లాడాలి.

"అసలు గనే వద్దంటుంటే శుద్ధి గొడవెందుకు?"

మనలో కొందరు అన్నలు, అక్కలు ఇలా అంటారు. శుద్ధి డబ్బు అడిగామంటే గనికి ఒప్పుకున్నట్టే కదా, కంపెనీ దాన్నే పట్టుకుని పర్మిషన్ తెచ్చుకుంటుంది కదా అని. ఈ భయం అర్థం లేనిది కాదు. కంపెనీలు అలా వాడుకుంటాయి కూడా.

కానీ నవాహోలు రెండు పనులూ చేశారు. 2005లో తమ నేల మీద యురేనియం తవ్వకాన్ని నిషేధిస్తూ సొంత చట్టం చేసుకున్నారు. పాత గనుల బాకీ మాత్రం వదల్లేదు. వద్దన్నది రేపటి గని గురించి. బాగుచేయమన్నది నిన్నటి గని గురించి. రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు.

నల్లమలలో మనమూ వద్దనే అన్నాం. చెంచు బిడ్డలు, అమ్రాబాద్ ప్రజలు, రాష్ట్రమంతా కలిసి గొంతెత్తితే 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ 'వద్దు' అలాగే నిలబడాలి. ఆ పోరాటంలో జనానికి చెప్పడానికి నవాహోల మాట కంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? అదే ఖనిజం. తవ్వకం ఆగిపోయి 40 ఏళ్లు అవుతోంది. ప్రపంచంలోనే డబ్బున్న దేశం. అయినా ఇంకా సగం గనులకు శుద్ధి డబ్బే లేదు.

కానీ గని ఇప్పటికే ఉన్న ఊరికి 'వద్దు' అనే అవకాశం ఎప్పుడో పోయింది. ఆ ఊరికి మిగిలింది బాకీ వసూలు చేసుకోవడమే.

మనం అడగాల్సినవి

మొదటిది, ప్రతి గని, ప్రతి ఫ్యాక్టరీ మూసివేత ప్రణాళికను, దాని ఎస్క్రో ఖాతాలో ఎంత ఉందో లెక్కను ఆర్టీఐ కింద తీసుకుందాం. తెలుగులో, వీలైతే కోయ, గోండి మాటల్లో గ్రామసభకు చదివి వినిపిద్దాం. ఇది రేపటి నుంచే చేయగలిగిన పని. డిగ్రీ చదివిన మనం చేయకపోతే ఇంకెవరు చేస్తారు?

రెండోది, తవ్వకం మొదలుకాక ముందే వాగు, బోరు, చెలిమె నీళ్లు పరీక్ష చేయించి ఆ కాగితం గ్రామసభ దగ్గర పెట్టుకోవాలి. లేకపోతే రేపు "ఈ నీళ్లు ముందునుంచే ఇంతే" అంటారు. ముందు ఎలా ఉండేదో నిరూపించలేనోడు కోర్టులో ఓడిపోతాడు.

మూడోది, కంపెనీ అమ్ముడుపోయినా, ముక్కలైనా, పేరు మార్చుకున్నా నేల బాకీ ఆస్తుల వెంటే వెళ్లాలని లీజులోనే రాయించాలి. ట్రోనాక్స్ కథ మనకు నేర్పింది ఇదే.

నాలుగోది, శుభ్రం అయిందని సంతకం పెట్టేది ఒక్క ఇంజినీరు కాదు, గ్రామసభ కూడా పెట్టాలి. ఆ సంతకం లేకుండా కంపెనీకి డిపాజిట్ తిరిగి ఇవ్వకూడదు. తీసిన విషపు మట్టి ఇంకో గూడెం పక్కన పోయడానికి వీల్లేదు.

ఐదోది, డీఎంఎఫ్‌టీ నిధులతో కంపెనీ పాడుచేసిన చోటు బాగుచేయించి చేతులు దులుపుకోవడం కుదరదు. ఆ నిధి బాధిత ఊళ్ల హక్కు. కంపెనీ అప్పు మన జేబులోంచి ఎందుకు కట్టాలి?

ఆరోది, 2025 నియమాల్లో గనుల కాలుష్యాన్ని కూడా చేర్చాలి. మన ఎమ్మెల్యేలు, ఎంపీలు, గిరిజన సలహా మండలి సభ్యులు దీనిమీద నోరు విప్పాలి. వాళ్లు ఊరికి వచ్చినప్పుడు దండ వేసే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి.

మన పెద్దోళ్లు నేలను అమ్ముకునే సరుకు అనుకోలేదు. విత్తనం వేసే ముందు పండగ చేసి, నేలను అడిగి మరీ విత్తారు. ఆ నేలను ఎవడో తవ్వుకుని, విషం పోసి, చెక్కు చించి చేతిలో పెడితే లెక్క తీరదు. ఎలా తీసుకున్నాడో అలా తిరిగి అప్పజెప్పాలి. చేతకాదంటే అసలు ముట్టుకోకూడదు.

వచ్చే గ్రామసభలో లేచి నిలబడి అడగండి: "సారూ, మీరు పోయాక ఈ మట్టి ఎవరు బాగుచేస్తారు? ఆ పైసలు ఎక్కడున్నాయి, చూపించండి."

మావ నాటే మావ రాజ్!
జల్, జంగల్, జమీన్ మనదే.
జై ఆదివాసీ!